108 కాగితంలో ఏం రాస్తారు? మనం ఏం చెప్పాలి?
(పల్నాడు జిల్లా లబ్ధిదారుల కోసం పాఠం. చదివి, ఇంట్లో చదవలేని వాళ్లకు వినిపించండి.)

108కి ఫోన్ చేస్తే బండి వస్తుందని అందరికీ తెలుసు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ ఇప్పుడు మన ఊళ్లలో పిల్లలకు కూడా నోటికొచ్చిన నంబరు. కానీ ఆ బండిలో మన మనిషిని ఎక్కించుకున్న తర్వాత సిబ్బంది ఒక కాగితం రాస్తారని, కొన్నిచోట్ల ట్యాబ్‌లో కొడతారని చాలామంది గమనించరు. గమనించినా "ఏదో వాళ్ల ఆఫీసు లెక్క" అనుకుని ఊరుకుంటారు.

అది ఆఫీసు లెక్క మాత్రమే కాదు. ఆస్పత్రిలో డాక్టరు మొదట చూసేది అదే. రేపు బీమా డబ్బులకో, యాక్సిడెంట్ నష్టపరిహారానికో తిరగాల్సి వస్తే "ఆ రోజు అసలు ఏం జరిగింది" అని చెప్పే మొదటి సాక్ష్యం కూడా అదే. దాన్ని రాసేది బండిలో ఉండే ఈఎంటీ. అయితే అందులో సగం మాటలు మనం చెప్పినవే. మనం తప్పు చెబితే కాగితం తప్పవుతుంది, మనం దాస్తే కాగితంలో అది ఉండదు. అందుకే ఈ పాఠం.

కాగితంలో ఏముంటుంది?

బండిలో ఇద్దరుంటారు. నడిపే ఆయన్ని పైలట్ అంటారు. వైద్యం చూసే మనిషి ఈఎంటీ. ఈఎంటీ రాసే దాన్ని పీసీఆర్ అంటారు, అంటే ఆస్పత్రికి చేరేలోపు రోగికి ఏం జరిగింది, ఏం చేశారు అనే రికార్డు.

ముందుగా టైములు. ఫోన్ ఎన్నింటికి వచ్చింది, బండి ఎన్నింటికి చేరింది, ఎన్నింటికి బయల్దేరింది, ఆస్పత్రిలో ఎన్నింటికి అప్పగించారు. తర్వాత పేరు, వయసు, ఊరు, అసలు బాధేంటి. రోగి మాట్లాడుతున్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, గిచ్చితే కదులుతున్నాడా, లేక ఏమీ లేదా. నాడి, బీపీ, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, ఆక్సిజన్ శాతం, షుగరు, కంటిపాపలు. ఇచ్చిన వైద్యం: ఆక్సిజన్ పెట్టారా, సెలైన్ ఎక్కించారా, కట్టు కట్టారా. చివర్లో ఆస్పత్రిలో అందుకున్నవాళ్ల సంతకం.

బీపీ, నాడి ఒక్కసారి చూసి వదిలేస్తే చాలదు. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరంలో మనిషి పరిస్థితి మారుతుంది. బయల్దేరినప్పుడు 110 ఉన్న బీపీ పిడుగురాళ్ల దాటేసరికి 80కి పడిపోయిందంటే లోపల రక్తం పోతోందేమోనని డాక్టరుకు అనుమానం రావాలి. రెండు మూడుసార్లు చూసి, ప్రతిసారీ పక్కన టైము వేస్తేనే అది తెలుస్తుంది. కాబట్టి దారిలో ఈఎంటీ మళ్లీ మళ్లీ చెయ్యి పట్టుకుంటుంటే "ఎన్నిసార్లు చూస్తావయ్యా" అని విసుక్కోవద్దు.

మంచి కాగితానికి ఇంకో గుర్తు ఉంది. చూసింది వేరుగా, విన్నది వేరుగా రాస్తారు. "తాగి ఉన్నాడు" అని రాయడం ఒకటి, "నోటి నుంచి మద్యం వాసన వస్తోంది, మాట తడబడుతోంది" అని రాయడం ఇంకొకటి. రెండోది కంటికి, ముక్కుకు తెలిసింది. మొదటిది తీర్పు. షుగరు బాగా పడిపోయిన మనిషి కూడా తూలతాడు, తడబడతాడు. తలకు దెబ్బ తగిలినవాడూ అంతే. "తాగాడు" అని ఒక్క మాట రాసేస్తే ఆస్పత్రిలో అతన్ని పక్కన పడుకోబెట్టే ప్రమాదం ఉంది, తర్వాత బీమా దగ్గర ఆ మాటే పట్టుకుని వాదించే అవకాశమూ ఉంది. అలాగే "ఎదుటి బండి వాడిదే తప్పు" అని ఈఎంటీ రాయకూడదు. "రోగి తమ్ముడు చెప్పిన ప్రకారం ఎదురుగా వచ్చిన లారీ గుద్దింది" అని రాయొచ్చు. మీరు చెప్పింది ఎవరు చెప్పారో పేరుతో సహా రాయించుకోవడం మీకే మంచిది.

పాము కరిచినప్పుడు

మన జిల్లాలో పత్తి, మిరప చేలల్లో, బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తండాల్లో దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటితోనే ప్రాణాపాయం ఎక్కువ. నాలుగింటికీ ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఒకటే. ఏ పాము కరిచిందో తెలియకపోయినా వైద్యం ఆగదు కాబట్టి పామును వెతుకుతూ, చంపి సంచిలో వేసుకుని రావడానికి టైము పోగొట్టొద్దు. దూరం నుంచి సెల్‌లో ఫొటో దొరికితే చూపించండి, లేకపోతే లేదు.

కావాల్సింది టైము. బండి వచ్చాక మాటలు మామూలుగా ఇలా నడుస్తాయి:

"ఎన్నింటికి కరిచిందమ్మా?"
"పొద్దుగూకినాక అయ్యా."
"పొద్దుగూకినాక అంటే, దీపాలు పెట్టకముందా, పెట్టినాకా?"
"పాలు పితికొచ్చినాక. ఏడు అయ్యుంటదేమో."

ఆ "ఏడు" బయటికి రావడమే ముఖ్యం. గడియారం చూడకపోయినా ఫర్వాలేదు, పాలు పితికిన వేళ, బస్సు వచ్చిన వేళ, టీవీలో సీరియల్ వచ్చిన వేళ చెప్పండి, ఈఎంటీ లెక్క కట్టుకుంటాడు. తర్వాత ఏమేం మారిందో, ఎప్పుడు మారిందో చెప్పాలి. కనురెప్పలు వాలిపోయాయా? మింగలేకపోతున్నాడా? చిగుళ్ల నుంచి రక్తమా? కట్లపాము రాత్రిపూట నిద్రలో కరిస్తే గాటు కూడా సరిగా కనపడదు, నొప్పీ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు. నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం అంటే, "రాత్రి కింద పడుకున్నాడు" అన్న ఆ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

వాపు ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి పక్కన టైము రాస్తే మరీ మంచిది. ఒక గంటకి వాపు ఆ గీత దాటిందా లేదా అని ఆస్పత్రిలో చూస్తారు. మన చేతిలో ఉన్న పనుల్లో ఇంత చవకైంది, ఇంత ఉపయోగపడేది ఇంకోటి లేదు.

చేసిన పని దాచొద్దు. తాడు కట్టారా, ఎంతసేపు కట్టారు? బ్లేడుతో కోశారా? పసరు తాగించారా? ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేశాడా, దాని పేరేంటి? వీటిలో చాలావరకు చేయకూడనివే. కానీ చేసేశాక దాస్తే ఇంకో తప్పు చేసినట్టు. గట్టిగా కట్టిన తాడును ఒక్కసారిగా విప్పితే మనిషి కుప్పకూలొచ్చు. కట్టు సంగతి కాగితంలో ఉంటే డాక్టరు అన్నీ సిద్ధం చేసుకుని విప్పుతారు.

ఇక డబ్బు సంగతి. బ్యాంకులో ఏటా 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన చాలామందికి ఉంది, ఉన్నట్టు వాళ్లకే తెలియదు. 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. రోడ్డు ప్రమాదానికి పోలీసు కేసు కాగితం అడుగుతారు. పాముకాటు, చెట్టు మీద నుంచి పడటం లాంటివాటికి మాత్రం వెంటనే చూపించిన ఆస్పత్రి రికార్డులో కారణం ఉండాలని ఆ పథకం నియమాల్లోనే ఉంది. అంటే ఓపీ చీటీ మీద, కేస్ షీట్‌లో "పాముకాటు" అని పడాలి. 108 కాగితంలో మొదటే ఆ మాట, టైముతో సహా పడితే ఆస్పత్రి రికార్డులోకి అదే నడుస్తుంది. రాత్రంతా మంత్రాలకి తిప్పి, ప్రాణం పోయాక ఇంటికి తెచ్చుకుని, ఏ కాగితమూ లేకుండా బ్యాంకుకు వెళ్లి ఏడిస్తే అక్కడ క్లర్కు ఏం చేయలేడు. క్లెయిమ్ ఫారం వీలైతే 30 రోజుల్లోపు బ్యాంకులో ఇవ్వండి.

పురుగుల మందు విషయంలో

ఇది చెప్పడం కష్టం, వినడం ఇంకా కష్టం. కానీ మన జిల్లాలో చెప్పక తప్పదు.

మందు తాగినవాళ్లను బండి ఎక్కించేటప్పుడు ఇంట్లోవాళ్లు చాలాసార్లు "పిచికారీ చేస్తుంటే పట్టింది" అంటారు. పరువు భయం, పోలీసు భయం. కొందరు "పాము కరిచిందని రాయండి" అని కూడా అడుగుతారు. దయచేసి ఆ పని చేయొద్దు. పాము విరుగుడు వేరు, మందు విరుగుడు వేరు. మోనోక్రోటోఫాస్ లాంటి మందు కడుపులోకి పోతే నోట్లో నురగ, చెమటలు, కంటిపాప సూదిమొనంత చిన్నది కావడం కనపడతాయి, దానికి అట్రోపిన్ ఇస్తారు. కొన్ని గడ్డిమందులు తాగిన రోజు మనిషి బాగానే మాట్లాడతాడు, రెండు మూడు రోజులకు కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పారాక్వాట్ అనే గడ్డిమందుకు విరుగుడే లేదు, ఆక్సిజన్ అనవసరంగా పెట్టినా చెడు చేస్తుంది. ఒంటికి పట్టడం వేరు, తాగడం వేరు. ఎంత తాగాడన్నది ఇంకా వేరు. మీ నోటి నుంచి వచ్చే ఆ ఒక్క మాట మీద వైద్యం మొత్తం ఆధారపడుతుంది.

అందుకే డబ్బా తీసుకెళ్లండి. ఖాళీదైనా సరే, లేబుల్ చిరిగినా సరే. సీసాలో ఎంత ఉండేది, ఎంత తగ్గింది, ఎన్నింటికి, వాంతి అయ్యిందా, మనం ఉప్పునీళ్లు తాగించి కక్కించామా, అన్నీ చెప్పండి. (అసలు అలా కక్కించకూడదు.)

పోలీసు భయం గురించి ఒక మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, అతన్ని శిక్షించకూడదు. ఆస్పత్రివాళ్లు ఎంఎల్‌సీ రాసి పోలీసులకు చెప్పడం మామూలు పద్ధతి, అది మీ మనిషిని జైల్లో పెట్టడానికి కాదు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది, ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

సురక్షా బీమా ఆత్మహత్యకు వర్తించదు, నిజమే. ఆ 2 లక్షల కోసం కారణం మార్చి చెబుదామనే ఆలోచన కొన్ని ఇళ్లలో వస్తుంది. అప్పటికి మనిషి ఇంకా బతికే ఉన్నాడు. సరైన మందు చెబితే లేచి కూర్చునే మనిషి కావచ్చు.

రోడ్డు ప్రమాదం అయితే

అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద దాచేపల్లి, పిడుగురాళ్ల దగ్గర లారీల రద్దీ మీకు తెలిసిందే. అక్కడ దెబ్బలు తగిలిన మనిషికి కాగితంలో ఇవి పడేట్టు చూడండి: ఏ ఊరి దగ్గర, దగ్గర్లో గుర్తు ఏంటి, బండి నడిపింది ఎవరు, వెనక కూర్చున్నది ఎవరు, హెల్మెట్ ఉందా, మధ్యలో స్పృహ తప్పిందా, తప్పితే ఎంతసేపు. "నడిపింది ఎవరు" అన్నది చిన్న విషయంలా ఉంటుంది. తర్వాత ట్రిబ్యునల్‌లో రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంటే ఏళ్ల తరబడి వాయిదాలు తిరగాలి.

గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే మనిషి చనిపోయిన కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు ప్రభుత్వం ఇచ్చే పరిహారం ఉంది, 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ మొత్తాలు అమల్లో ఉన్నాయి. బండి తెలిస్తే నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేసుకోవాలి, చట్టంలో గడువు ప్రమాదం జరిగిన ఆరు నెలలు. 2025 మే నుంచి కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణయించిన ఆస్పత్రుల్లో ప్రమాదం రోజు నుంచి 7 రోజులపాటు లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం ఉంది. దానికి ఇది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి. వీటన్నింటికీ ప్రమాదం టైము, చోటు కాగితాల్లో ఒకేలా ఉండటమే పునాది. అయితే 108 కాగితం ఎఫ్‌ఐఆర్ కాదు. "108 వచ్చింది కదా, పోలీసులకు తెలిసే ఉంటుంది" అనుకుని స్టేషన్‌కు వెళ్లనివాళ్లు ఉన్నారు. వెళ్లి ఫిర్యాదు ఇవ్వాలి.

దారిన పోయేవాళ్లు ఫోన్ చేసి సాయం చేస్తే వాళ్ల పేరు, అడ్రసు బలవంతంగా అడగకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఎ కింద చేసిన నియమాలు చెబుతున్నాయి. పేరు చెప్పడం ఇష్టమైతే చెప్పొచ్చు. భయపడి పడి ఉన్న మనిషిని వదిలి పోవద్దు.

పక్షవాతం, గుండెనొప్పి

పక్షవాతానికి అడిగే టైము వేరు. "ఎప్పుడు చూశారు" అని కాదు, "చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నాడు" అని. ఎందుకంటే గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. తాత పొద్దున ఆరింటికి లేచేసరికి మూతి వంకర పోయి ఉంది అంటే, లెక్క ఆరు నుంచి కాదు, రాత్రి పడుకున్నప్పటి నుంచి. మధ్యలో మూడింటికి లేచి బాగానే నీళ్లు తాగాడని అవ్వకు గుర్తుంటే, లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ మూడు గంటలు కాగితంలో పడాలి.

గుండెనొప్పికి నొప్పి మొదలైన టైము, ఇంట్లో వేసుకున్న మాత్రలు. అంతే, ఎక్కువ మాట్లాడకుండా పోనివ్వండి.

కాన్పుకు వెళ్తుంటే తల్లీబిడ్డ కార్డు వెంట పెట్టుకోండి. దారిలోనే బిడ్డ పుడితే పుట్టిన టైము, ఆడా మగా, పుట్టగానే ఏడ్చిందా అన్నవి కాగితంలో ఉన్నాయో లేదో అడగండి. జనన నమోదు 21 రోజుల్లో చేయించాలి, అప్పుడు ఇది పనికొస్తుంది.

పేరు దగ్గరే వచ్చే చిక్కు

ఇంట్లో "చిన్నోడు", ఊళ్లో "బుల్లెబ్బాయి", ఆధార్‌లో ఇంకో పేరు. కంగారులో పిలుపు పేరు చెబుతాం. 108లో ఒక పేరు, కేస్ షీట్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు ఉంటే, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేర్చుకునేటప్పుడూ, తర్వాత క్లెయిమ్‌ల దగ్గరా ఇబ్బంది. ఆధార్‌లో ఉన్న పేరే చెప్పండి, ఇంటిపేరుతో సహా. కార్డు ఫొటో తీసి సెల్‌లో పెట్టుకోండి. కార్డు ఇంట్లో మర్చిపోయినంత మాత్రాన 108 ఆగదు, ప్రాణం మీదికొచ్చినప్పుడు కార్డు కోసం వెనక్కి తిరగొద్దు. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, ముందు వాళ్లను కలవండి. సందేహమైతే 104కి ఫోన్ చేయండి.

అప్పగించేటప్పుడు పక్కనే ఉండండి

ఆస్పత్రి గుమ్మంలో స్ట్రెచర్ దించగానే మన కళ్లు మన మనిషి మీదే ఉంటాయి. ఎవరో ఒకరు మాత్రం ఈఎంటీ పక్కన ఉండి అతను నర్సుకో డాక్టరుకో ఏం చెబుతున్నాడో వినండి. తప్పుంటే అక్కడే చెప్పండి: "ఏడింటికి సార్, తొమ్మిదింటికి కాదు." రాసిన మాట తప్పయితే దాన్ని అడ్డంగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. నల్లగా కొట్టేసినా, వైట్‌నర్ పూసినా తర్వాత అనుమానాలకు దారి.

ఏరియా ఆస్పత్రి నుంచి గుంటూరు పంపిస్తుంటే రిఫరల్ చీటీ అడిగి తీసుకోండి. పాము విరుగుడు ఎన్ని సీసాలు ఎక్కించారు, అట్రోపిన్ ఎంత ఇచ్చారు, ఎన్నింటికి, ఇవి అందులో ఉండాలి. లేకపోతే అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

బండి వచ్చాక "వద్దులే, మేమే ఆటోలో పోతాం" అంటే సంతకం పెట్టించుకుంటారు. మీరు వద్దన్నారని అర్థం. చదివి, లేదా చదివించుకుని పెట్టండి. 108కి, అందులో ఇచ్చే వైద్యానికి డబ్బులు లేవు, ఎవరికీ ఇవ్వొద్దు.

తర్వాత కాగితం కావాలంటే

మీరు 108కి చేసిన కాల్ టైము మీ సెల్‌లో ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కొత్త కాల్స్ వస్తే కిందకి వెళ్లిపోతుంది. 

ఆస్పత్రి కేస్ షీట్ కాపీ రోగి గానీ, అతను అనుమతించినవాళ్లు గానీ అడిగితే డాక్టర్లు 72 గంటల్లోపు ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతుంది, లోపలి రోగుల రికార్డులు మూడేళ్లు ఉంచాలి. నోటితో అడగొద్దు, తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. 108 రికార్డు కోసం నరసరావుపేటలోని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టొచ్చు. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, కార్డు జిరాక్సు జతచేస్తే చాలు. జవాబుకు 30 రోజుల గడువు. అర్జీలో ఫోన్ చేసిన నంబరు, తేదీ, టైము, ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్లారో రాయండి. రోగి చనిపోయి ఉంటే వారసులమని చూపే కాగితం కూడా పెట్టండి.

కింది చీటీ నింపి ఇంట్లో తలుపు వెనక అంటించండి. ఇంటికి ఒకటి కాదు, ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమంది ఉంటే అన్ని.

ఆధార్‌లో ఉన్న పేరు: ..............................
వయసు: ............ ఊరు, మండలం: ..............................
రోజూ వేసుకునే మాత్రలు (బీపీ, షుగరు, గుండె, రక్తం పల్చబడేవి): ..............................
పడని మందు: ..............................
పాత ఆపరేషన్లు, జబ్బులు: ..............................
రేషన్ కార్డు నంబరు: ..............................
సురక్షా బీమా ఉన్న బ్యాంకు, నామినీ పేరు: ..............................
వెంటనే ఫోన్ చేయాల్సిన ఇద్దరి నంబర్లు: ..............................